లేదనని బావి

మైక్ సెట్టు వాడికి ఊళ్ళో అందరి గొంతులూ తెలుస్తాయి. పెళ్ళిలో మైకు పట్టుకుంటే వదలని మేనమామ ఎవరో, చావింట్లో ఎవరి ఏడుపు నిజమో, ఏ పెద్దమనిషి ఒకే ఉపన్యాసాన్ని బడి వార్షికోత్సవానికీ సంతాప సభకీ వాడుకుంటాడో నన్నడగండి, చెబుతాను. నా పేరు మునియప్పన్. గుడియాత్తం బస్టాండు వెనక నా సౌండ్ సర్వీసు. గంగమ్మ శిరస్సు తిరునాళ్ళలో ఏటి ఒడ్డున కట్టే హారన్లన్నీ ఒకప్పుడు నావే. ఇంతమంది గొంతులు విన్నవాణ్ణి, మీనాక్షమ్మ గొంతు మాత్రం నా మైకులో ఏనాడూ వినలేదు. ఆమె నలుగురి ముందు మాట్లాడింది ఒక్కసారే, అదీ సినిమాలో. ఆ ఒక్క మాట ఆమె బావిని మింగేసింది.

ఈ సంగతి నేను శాంతంగా చెప్పలేను. శాంతంగా చెప్పేవాళ్ళు వేలూరులో చాలామంది ఉన్నారు, వాళ్ళు సినిమాలు కూడా తీశారు.

మీనాక్షమ్మది రాళ్ళపాళెం, నేను పుట్టిందీ అక్కడే. కౌండిన్య ఏటి ఒడ్డున, ఊరికి చివర ఉంటుంది. అక్కడ ఇళ్ళల్లో తెలుగు, గడప దాటితే అరవం. రెండూ గలగలా మాట్లాడతారు గానీ తెలుగు రాత చూపిస్తే పక్కవాడి మొహం చూస్తారు. నాకు మా నాయన నేర్పాడు కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పాళెంలో మగవాళ్ళందరిదీ కట్టడం పని. పునాదులు తవ్వుతారు, రాళ్ళు కొడతారు, గోడలు లేపుతారు. మీనాక్షమ్మ మొగుడు నాగలింగం బావులు తవ్వేవాడు.

ఒక వేసవిలో నాగలింగం అణైకట్ పక్క ఒక ఆసామి తోటలో బావి తవ్వాడు. మరుసటేడు ఎండలో అటుగా నడిచి వస్తూ, దాహమై, ఆ బావి దగ్గరే ఆగి నీళ్ళడిగాడు. ఆసామి కొడుకు ఆయన్ని గట్టు ఎక్కొద్దన్నాడు. తోడేవాళ్ళు వస్తే పోస్తారు, అంతదాకా దూరంగా నిలబడమని చెప్పి లోపలికి పోయాడు. ఎవరూ రాలేదు. తన చేత్తో పగలగొట్టిన రాతిలోంచి ఊరిన నీళ్ళు కింద కనబడుతూనే ఉన్నాయి, నాగలింగం ఎండిన నాలుకతో ఇంటికొచ్చాడు.

మర్నాడే తన పెరట్లో గడ్డపార వేశాడు. కూలికి పోయొచ్చి సాయంత్రాలు తవ్వేవాడు. బుట్టతో మట్టి పైకి లాగింది మీనాక్షమ్మ. జల పడిన రోజు ఆమెను కూడా తాడు పట్టుకుని కిందికి దిగమన్నాడు. మోకాలి లోతు నీళ్ళలో నిలబెట్టి, నీళ్ళ మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు.

"ఈ నీళ్ళు అడిగినోళ్ళను ఎవురినీ లేదనగూడదు. నేనున్నా, ల్యాకపోయినా."

కొన్నేళ్ళకు కామెర్లు వచ్చి నాగలింగం పోయాడు. ఒట్టు ఉండిపోయింది. మీనాక్షమ్మకు మొగుడి గుర్తన్నా, ఆస్తన్నా, పరువన్నా ఆ బావే. దాన్ని కాపాడుకోవాలి, అడిగినవాళ్ళకు లేదనకుండా ఉండాలి. ఈ రెండు పనులూ ఒకటే అని ఆమె అనుకుంది. మేమందరమూ అలాగే అనుకున్నాం.

ఏట్లో నీళ్ళున్న కాలంలో ఆ ఒట్టు ఏమంత బరువు కాదు. తొంభైల్లో మారింది. దేశం తలుపులు తెరిచారని పేపర్లలో రాశారు. మాకు తెరిచింది ఏట్లోకి లారీల దారి. మద్రాసులో, బెంగుళూరులో మేడలు లేస్తున్నాయి, వాటికి మా ఇసుక కావాలి. ఎత్తింది ఎవరనుకున్నారు? మా పాళెం మగవాళ్ళే. కూలి బాగా గిట్టింది, ఇంటింటికీ టీవీ వచ్చింది. ఇసుక పోయింది, దాని వెనకే నీళ్ళు పోయాయి, మిగిలిన బావుల్లో ఉప్పు తేలింది. ఆంబూరు పక్క తోళ్ళు శుద్ధి చేసే షాపుల మురికి నీళ్ళు పాలారులో కలిసి ఇంకా ఘోరంగా ఉందని అక్కడి బంధువులు చెప్పేవాళ్ళు. మా దగ్గరవి పాలు విరిగే నీళ్ళు, పప్పు ఉడకని నీళ్ళు. పెళ్ళికి వంటవాణ్ణి మాట్లాడబోతే మెనూ తరవాత, ముందు నీళ్ళు యాడివి అని అడిగేవాడు.

మీనాక్షమ్మ బావిలో మాత్రం తీపి తగ్గలేదు. పాళెం ఆడవాళ్ళందరూ అక్కడే తోడుకునేవాళ్ళు. నేను టౌనులో ఉంటున్నా సైకిలుకు రెండు బిందెలు కట్టుకుని అక్కడికే పోయేవాణ్ణి. బావి గట్టు మీద ఒక ఇత్తడి చెంబు ఎప్పుడూ బోర్లించి ఉండేది. లారీ క్లీనర్లు, ఐసు బండి వాళ్ళు, బిచ్చగాళ్ళు, ఆఖరికి ఇసుక లారీలు పట్టుకోవడానికి వచ్చి పట్టుకోకుండా పోయే పోలీసులు కూడా ఆ చెంబుతోనే తాగారు. మీనాక్షమ్మ గడపలో కూర్చుని చూస్తుండేది. ఎవరినీ నీ ఊరేది, నీ కులమేది అని అడిగేది కాదు. నీళ్ళు ఒలకబోస్తే మాత్రం ఊరుకోదు.

"పారబోసేదానికి తవ్వలేదమ్మా మా ఆయన. బిందె నిలువుగా పట్టుకో." అదే ఆమె తిట్లలో పెద్ద తిట్టు.

తొంభై ఎనిమిది వేసవిలో శరణ్య వచ్చింది. వేలూరు లాంగ్ బజారులో వాళ్ళకు గుడ్డల అంగడి, ఇంట్లో తెలుగే. కాలేజీ చదువు అయిపోయి, స్నేహితులతో కలిసి ప్రకృతి గురించి, భూమి గురించి సినిమాల పండగ జరపాలని తిరుగుతోంది. ఊరూరా అక్కడి జనంతోనే చిన్న సినిమా తీసి, అక్కడి జనానికే చూపించాలని వాళ్ళ ఆలోచన. మంచి పిల్ల. ఈ మాట నేను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. చెడ్డవాళ్ళయితే తిట్టి ఊరుకుందును, మంచివాళ్ళతోనే కదా చిక్కంతా.

వీడియో కెమెరా భుజాన వేసుకుని ఎండలో వాడిపోయి వచ్చింది. మీనాక్షమ్మ పేరు అడక్కముందే చెంబు నీళ్ళు చేతికిచ్చింది. శరణ్య గుటగుటా తాగి, ఇట్లాంటి నీళ్ళు వేలూరులో కూడా లేవమ్మా అంది. ఆ మాటకు మీనాక్షమ్మ మురిసిపోయింది. మొగుణ్ణి పొగిడినట్టు లెక్క ఆమెకు. ఆ పూటంతా కెమెరా ముందు నిలబడి ఒట్టు కథ మొత్తం చెప్పింది. అంతటితో ఆగితే బాగుండేది. బావి తవ్వినవాడి పెళ్ళాం కదా, జల యాడినుంచి వస్తుందో కూడా చెయ్యెత్తి చూపించింది. బావి తవ్వే ఇళ్ళల్లో బంగారం యాడ దాచారో చెప్పరు గానీ జల సంగతి మాత్రం గొప్పగా చెప్పుకుంటారు. ఆ గర్వం వాళ్ళది.

పండగ గుడియాత్తం కల్యాణ మండపంలో జరిగింది. మైకులూ, జనరేటరూ నావే. వాకిట్లో అరటి చెట్లు కట్టారు, 'పసుమై పడ విళా' అని అరవంలో బ్యానరు కట్టారు, పచ్చదనం సినిమాల పండగ అని. మొదట విదేశాల సినిమాలు వేశారు. తెర మీద మంచు కొండలు విరిగి సముద్రంలో పడుతుంటే, బడి పంతులు ఒకాయన నా మైకు పట్టుకుని భూమి వేడెక్కుతోంది, మంచు కరుగుతోంది అని చదివాడు. మా పాళెం ముసలామె ఒకతె ముందు వరసలోంచి, "ఆ నీళ్ళన్నా ఇట్టా తిప్పగూడదా" అంది. మండపమంతా నవ్వింది. తిమింగలం వచ్చినప్పుడు పిల్లలు ఈలలు వేశారు. అడవి నరుకుతున్న సినిమాకు సగంమంది టీకి లేచి పోయారు.

మీనాక్షమ్మ తెర మీదికి రాగానే పోయినవాళ్ళంతా పరిగెత్తుకుంటూ వచ్చారు. పెద్దదిగా, గోడంత మొహంతో, ముక్కుపుడక మెరుస్తూ ఆమె మాట్లాడుతోంది. "ఎవురొచ్చినా నీళ్ళకు లేదనం. మా ఆయన నీళ్ళ మీద చెయ్యి పెట్టించినాడు. జల అదో, ఆ గానుగచెట్టు కింద నించి వస్తాది. అది వచ్చినన్నాళ్ళూ ఈ బాయి ఎండదు." కెమెరా ఆమె వేలు చూపినవైపు మెల్లగా తిరిగి, పెరటి గోడ దాటి, పక్క చేనులో ఉన్న గానుగచెట్టు దగ్గర ఆగింది. మండపం చప్పట్లతో దద్దరిల్లింది. కింద చాప మీద కూర్చున్న మీనాక్షమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

ముందు వరస కుర్చీలో లోకనాథ్ కూర్చుని ఉన్నాడు. గుడియాత్తం బజారులో వాళ్ళకు నూనె మండీ. వాళ్ళూ తెలుగువాళ్ళే, మూడు తరాలుగా ఇక్కడ వ్యాపారం. పండగకు టీ, బూందీ ఖర్చు ఆయనదే కాబట్టి చివర ఆయన చేత మాట్లాడించారు. నీళ్ళు దేవుడి సొత్తు అన్నాడు, చుక్క వృథా చేసినవాడు పాపాత్ముడు అన్నాడు. నా మైకులో ఆ గొంతు ఎంత తియ్యగా పలికిందో చెప్పలేను. తరవాత మీనాక్షమ్మ దగ్గరికి పోయి చేతులు జోడించాడు.

"అక్కా, ఆ గానుగచెట్టు ఉండే చేను ఎవురిది?"

"కన్నప్పది నాయనా. బీడు పెట్టేసినాడు."

ఏడాది తిరగకముందే కన్నప్ప చేను లోకనాథ్‌ది అయింది. నూనె కంటే నీళ్ళే గిట్టుబాటు అని వ్యాపారులకు తెలిసిపోయిన రోజులు. బస్సుల్లో, సినిమా హాళ్ళలో నీళ్ళ పాకెట్లు అమ్మడం మొదలైంది. మంచి జల యాడుందో కనుక్కోవడానికి మనుషులు కొబ్బరికాయలు పట్టుకుని చేలంట తిరుగుతుంటే, లోకనాథ్ కుర్చీలో కూర్చుని బూందీ తింటూ కనుక్కున్నాడు.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఆ చేనుకు బండి దారి లేదు. మూడు పక్కలా రాళ్ళ గుట్ట, నాలుగో పక్క మీనాక్షమ్మ పెరడు. బోరు వేసే రిగ్గు లారీ లోపలికి పోవాలంటే ఆమె బావి పక్కనుంచే పోవాలి, పెరటి గోడ పడగొట్టాలి. ఆ గోడ ఆమె కొడుకు శరవణన్ కట్టింది. అతను మేస్త్రీ. దారి ఇచ్చేది లేదని లోకనాథ్ మనుషులకు మొహం మీదే చెప్పేశాడు.

లోకనాథ్ గొడవ పడే రకం కాదు. పాళెం పెద్ద చెంగల్రాయలు దగ్గరికి పోయి, నలుగురినీ కూర్చోబెట్టమని వినయంగా అడిగాడు. ఒక ఆదివారం సాయంత్రం చెంగల్రాయలు వాకిట్లో పాళెమంతా చేరింది. నేను నీళ్ళకని పోయినవాణ్ణి, బిందెలు దించి అక్కడే నిలబడ్డాను. లోకనాథ్ కారులోంచి టీవీ, డెక్కు దింపించాడు. ఇదేందప్పా, పంచాయితీకి సినిమా వేస్తారా అని నవ్వుకున్నాం.

చెంగల్రాయలు న్యాయంగానే మాట్లాడాడు. "దారి మీనాక్షిది. ఇయ్యను అంటే బలవంతం చేసే హక్కు ఎవురికీ లేదు. ఆమె నోటితో ఆమె చెప్పనీ."

శరవణన్ లేచాడు. "మెత్తనోణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారే, అట్టుండాది ఈయన కత. పెద్దాయనా, నీళ్ళు వేరే, దారి వేరే. ఆయన బోరు వేస్తే మా బాయి ఏమయితాది?"

లోకనాథ్ పండగలో వేసిన ఆ సినిమా క్యాసెట్టు పెట్టాడు. చిన్న టీవీలో మీనాక్షమ్మ మొహం వచ్చింది. ఎవురొచ్చినా నీళ్ళకు లేదనం. మా ఆయన నీళ్ళ మీద చెయ్యి పెట్టించినాడు. అక్కడ ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పి, మళ్ళీ వేశాడు.

"నేను దారి అడిగేదానికి రాలేదక్కా," అన్నాడు లోకనాథ్. "నీళ్ళు అడిగేదానికి వచ్చినా. నువ్వు ఊరందరి ముందర చెప్పిన మాటే. వద్దంటే ఇట్టే ఎనిక్కి పోతా."

మీనాక్షమ్మ ఆ టీవీ వైపే చూస్తూ అడిగింది. "తాగేదానికేనా నాయనా?"

"తాగేదానికే అక్కా. ఊరికంతా తాగేదానికే."

అబద్ధం ఒక్కటీ చెప్పలేదండీ వాడు. అదే నా కడుపు మంట. అబద్ధం చెప్పి ఉంటే ఈపాటికి గొంతు పట్టుకుని ఉందును.

మీనాక్షమ్మ లేచి ఇంటికి పోయింది. మేమంతా వెనకే పోయాం. లోపలినుంచి నాగలింగం గడ్డపార తెచ్చింది, ఆ బావి తవ్విన గడ్డపారే. శరవణన్ అడ్డం నిలబడ్డాడు.

"మా, వద్దు. ఇది నాయన బాయి. నా మాట విను."

"మీ నాయన మాటే వింటాండా. జరుగు."

కొడుకు కట్టిన గోడకు మొదటి పోటు ఆమే వేసింది. ఇటిక రాలిపడిన చప్పుడుకు శరవణన్ చెప్పులేసుకుని వీధిలోకి పోయాడు. మిగతా గోడ లోకనాథ్ మనుషులు పడగొట్టారు. అడ్డుకోవడానికి మా ఎవరి నోరూ లేవలేదు. అడిగినవాడికి లేదనకపోవడం అనేది ఆ పాళెంలో అందరికీ గొప్పే, ఎందుకంటే అందరూ ఆ నీళ్ళు తాగినవాళ్ళే.

రిగ్గు లారీ వచ్చి గానుగచెట్టు పక్కనే నిలబడింది. రాతి పిండి తెల్లగా లేచి పాళెంలో ఇళ్ళ మీద, అన్నాల మీద, చంటిపిల్లల రెప్పల మీద పడింది. జల పడి నీళ్ళు ఆకాశానికి చిమ్మినప్పుడు జనం చప్పట్లు కొట్టారు. లోకనాథ్ అందరికీ స్వీటు పంచాడు. మీనాక్షమ్మకు చీర పెట్టబోతే ఆమె తీసుకోలేదు. మంచినీళ్ళకు చీరేంది నాయనా అంది.

మొదట చేంతాడుకు ఒక బార కలపాల్సొచ్చింది. తరవాత ఇంకో బార. ఎండాకాలం వచ్చేసరికి బొక్కెన రాతికి తగిలి ఠంగుమంది. పడగొట్టిన గోడకు అవతల షెడ్డు లేచింది, మోటారు పొద్దంతా గుయ్యిమంటూ ఉండేది. షెడ్డులోంచి బస్తాల్లో పాకెట్లు బయటికి వచ్చేవి. పాకెట్టు మీద నీలిరంగు బొమ్మ వేయించాడు, గిలక బావి బొమ్మ. చూసినవాళ్ళు ఎంత బాగుందో అన్నారు. పాళెం జనానికి రోజూ పొద్దున కాసేపు షెడ్డు బయట కొళాయి వదిలేవాడు. దాంతో ఆయన ధర్మాత్ముడు కూడా అయ్యాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మీనాక్షమ్మ నోరు మంచిదే. ఊరు ఏమందో వినండి. "నీ నోటి గొప్పకు మా బిందెలు ఎండిపోయినాయి." "సినిమాలో కనబడాలని ఆశపడినావు, అనుభవించు." ఇన్నేళ్ళు ఆ గట్టు మీద తోడుకున్న ఆడవాళ్ళే ఈ మాటలన్నది. వాకిట్లో నోరు మూసుకుని నిలబడ్డ మొగుళ్ళను మాత్రం ఒక్కతీ ఏమీ అనలేదు.

మీనాక్షమ్మ ఒకే ఒకసారి బజారుకు పోయి లోకనాథ్‌ను కలిసింది. బావిలో జల ఆగిపోయింది, మోటారు రాత్రిపూటన్నా నిలపమని అడిగింది. లోకనాథ్ లేచి కుర్చీ వేశాడు. "మీకెందుకక్కా దిగులు. మీ ఇంటికి నీళ్ళు నా బాధ్యత," అని ఒక సంచి నిండా పాకెట్లు చేతికిచ్చాడు. ఆమె ఆ సంచి ఆయన గడపలోనే పెట్టేసి నడుచుకుంటూ వచ్చేసింది. ఆ తరవాత ఆ పాకెట్టు ముట్టలేదు, ఆ కొళాయి దగ్గరికీ పోలేదు. వీధి చివర మునిసిపాలిటీ ఉప్పు నీళ్ళే తెచ్చుకుని తాగింది. శరవణన్ పెళ్ళాం దేవకిని తీసుకుని ఆంబూరులో పనికి పోయాడు. పోయేటప్పుడు తల్లిని రమ్మనైతే రమ్మన్నాడు గానీ ఆమె మొహం చూసి అనలేదు.

ఆమె పోలేదు. పోతే బాగుండేదేమో. దారిన పోయేవాళ్ళకు ఆ బావి అలవాటు కదా, ఎండలో ఆగి, "అమ్మా, ఇన్ని నీళ్ళు" అని పిలిచేవాళ్ళు. మొదట్లో తన కుండలో ఉప్పు నీళ్ళే ఇచ్చింది. ఒకడు పుక్కిలించి ఉమ్మేసి, ఇవ్వడానికి మనసు లేకపోతే లేదని చెప్పమ్మా అన్నాడట. ఆ రోజునుంచి పొద్దెక్కగానే తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. ఎప్పుడూ గడపలో కూర్చునే మనిషి, మధ్యాహ్నమంతా ఆ చీకటి గదిలో గడియ పెట్టుకుని కూర్చునేది. నేనొకసారి తలుపు తట్టి, ఎందుకమ్మా ఈ శిక్ష అని కోప్పడ్డాను.

"అడిగితే లేదనాల గదా మునియప్పా," అంది లోపలినుంచి. "ఎవురూ అడక్కపోతే ఒట్టు ఉన్నట్టే."

రెండువేల ఒకటిలో శరణ్య మళ్ళీ వచ్చింది. ఈసారి పండగ వేలూరులో, పెద్ద ఎత్తున. ఆమె సినిమా మద్రాసులో, ఢిల్లీలో చూపించారట, మెచ్చుకున్నారట. సౌండుకు నన్నే మాట్లాడుకోవడానికి షాపుకు వచ్చింది. ముగింపు రోజున మీనాక్షమ్మను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పాలని, దానికి ముందు బావిని మరోసారి కెమెరాలో పట్టాలని ఉత్సాహంగా చెప్పింది.

"ఈతూరి వచ్చినోళ్ళందరికీ తాగే నీళ్ళ ఏర్పాటు లోకనాథ్ సారే చూసుకుంటాండారు అన్నా," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా బావి సంగతి చెప్పలేదు. కళ్ళతో చూడనీ, అప్పుడు తెలుస్తుంది అనుకుని సైకిలు తీసి ముందు నడిచాను.

మిట్టమధ్యాహ్నం. తలుపు వేసి ఉంది. శరణ్య తట్టింది. లోపల అలికిడి లేదు. "అమ్మా, నేను శరణ్యను, వేలూరు నించి వచ్చినా," అని పిలిచింది. గడియ తీసిన చప్పుడైంది. మీనాక్షమ్మ చిక్కి సగమైంది. అయినా ఆ పిల్లను చూసి నవ్వింది. లోపలికి పిలిచి చాప వేసింది.

"శానా దాహంగా ఉండాదిమా," అంది శరణ్య కెమెరా స్టాండు తిప్పుకుంటూ. "ఆ పొద్దు ఇచ్చినారే, ఆ చెంబుతో ఇన్ని నీళ్ళు ఇస్తారా?"

మీనాక్షమ్మ నావైపు చూసింది. చెప్పేద్దామని నేను నోరు తెరిచాను. ఆమె చెయ్యి అడ్డం ఊపింది. మూలనున్న ఇత్తడి చెంబు తీసుకుని, "కూచో తల్లీ, తెస్తా," అని బయటికి నడిచింది.

బావివైపు పోలేదు. వీధిలోకి పోయింది. శరణ్య స్టాండు బిగించుకుంటూ చూడలేదు, గడపలో నిలబడ్డ నేను చూశాను. మూల మీది చిల్లర అంగడి ముందు ఆగింది. అంగడి వాడు ఆమెకేసి వింతగా చూస్తూ పాకెట్టు తీసిచ్చాడు. కొంగు ముడి విప్పి చిల్లర ఇచ్చింది. పాకెట్టు మూల పంటితో కొరికి, ఒక్క చుక్క ఒలకకుండా చెంబులోకి వంచింది. ఖాళీ పాకెట్టు మడిచి రొంటిన దోపుకుంది. ఆ చెంబు రెండు చేతులా పట్టుకుని వచ్చి ఆ పిల్లకు ఇచ్చింది.

శరణ్య తలెత్తి గటగటా తాగేసింది.

"అదే తీపిమా. మూడేండ్లయినా ఏమీ మారలా."

"మారలేదు," అంది మీనాక్షమ్మ. "అవే నీళ్ళు. యాడికి పోతాయి."

శరణ్య కెమెరా తీసుకుని పెరట్లోకి పోయింది. నేను కదల్లేదు. గిలకకు తాడు లేదు. ఆ పిల్ల బావిలోకి తొంగి చూసినట్టుంది, చాలాసేపు తిరిగి రాలేదు. అడుగున రాయి ఉంటుంది, గాలికి ఎగిరొచ్చి పడ్డ నీలిబొమ్మ పాకెట్లుంటాయి, నాకు తెలుసు. గోడ ఉండాల్సిన చోటినుంచి మోటారు గుయ్యిమంటూనే ఉంది. లోపలికి వచ్చేసరికి ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు. ఖాళీ చెంబు చాప మీదినుంచి తీసి చేతిలో పట్టుకుని, దాన్నీ మీనాక్షమ్మనూ మార్చి మార్చి చూసింది.

"ఇప్పుడు నేను తాగినవి?"

మీనాక్షమ్మ రొంటినుంచి పాకెట్టు తీసి, మోకాలి మీద సాపు చేసి చూపించింది.

"ఎవురు చేసినారమ్మా ఇదంతా?"

"అడిగినారు. ఇచ్చినా."

శరణ్య చాప మీద కూలబడి ఏడ్చింది. నిజం ఏడుపే, ఏడుపుల్లో తేడా నాకు తెలుసన్నాను కదా. కాసేపటికి కళ్ళు తుడుచుకుని కెమెరా ఎత్తింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. కెమెరా లాక్కుని ఆ బావిలోనే పారేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

"మా, ఆ మాట ఇంకొకతూరి చెప్తారా? వేలూరులో అందురూ వినాల. ఆ లోకనాథ్ ముందరే వేస్తా."

మీనాక్షమ్మ ఆ గాజు కన్నువైపు చూసింది. తిట్టమ్మా, ఇప్పుడన్నా నోరారా తిట్టు, మమ్మల్నందరినీ కలిపి తిట్టు అని నాలో నేను అరిచాను. ఆమె తిట్టలేదు.

"పోయినతూరి ఒక మాట చెప్పినా తల్లీ. ఇంక చెప్పేదానికి నా దగ్గిర ఏముండాది?"

తరవాత ఆమె చూపు ఆ పిల్ల పక్కన చాప మీదున్న ఖాళీ చెంబు మీద పడింది. కొంగు ముడి తడుముకుంటూ లేచి నిలబడింది.

"ఇంకో చెంబు కావాల్నా? మొగమాటపడొద్దు, అడుగు. అంగడి తెరిచే ఉండాది."